కొబ్బరి పుల్లల కట్టలతో మొదలుపెట్టండి: ఇంట్లో చిన్న పిల్లలకి లెక్కలు చెప్పడం

ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకి ఇంట్లో లెక్కలు చెప్పడానికి మనం పెద్ద చదువులు చదివి ఉండక్కర్లేదండి. నేను ఇంటర్‌తో ఆపేశాను. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో మా ఊరు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. మా ఆయన రొయ్యల చెరువుల మీద పని చేస్తారు. మా అమ్మాయి మూడో తరగతి, బాబు ఒకటో తరగతి. సాయంత్రం అయ్యేసరికి వీధిలో పిల్లలు కూడా వచ్చి మా అరుగు మీద కూర్చుంటారు. జాకెట్టు ముక్క ఇవ్వడానికి వచ్చిన తల్లులు "మావాడికి లెక్కలంటే భయం అక్కా, ఎక్కణ్ణుంచి చెప్పాలో తెలియట్లేదు" అంటూ ఉంటారు. వాళ్ళకి నోటితో చెప్పేదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను నమ్మేది ఏంటంటే, చిన్న పిల్లలకి ఏ లెక్కైనా ముందు చేత్తో చేయించాలి, తర్వాత బొమ్మ గీయించాలి, ఆ తర్వాతే అంకెలతో రాయించాలి. మనం చాలామందిమి ఆ మొదటి రెండూ వదిలేసి నేరుగా పెన్సిల్ చేతికిస్తాం. పిల్లలు పద్ధతి బట్టీపట్టి రెండు నెలలు నెట్టుకొస్తారు, ఆ తర్వాత అంతా కలగాపులగం అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూసుకోవాలి. మూడో తరగతి కదా అని మూడో తరగతి పుస్తకం తెరిచి కూర్చోకండి. గుప్పెడు చింతపిక్కలు పోసి లెక్కపెట్టమనండి. ఒక్కొక్కటీ వేలితో తాకుతూ ఇరవై దాకా తప్పకుండా లెక్కపెడుతోందా? "ఇందులోంచి నాకు పదమూడు ఇవ్వు" అంటే ఇవ్వగలదా? 47, 74 రాసి ఏది పెద్దదో, ఎందుకు పెద్దదో అడగండి. తర్వాత 46లోంచి 29 తీసెయ్యమనండి. అదీ వస్తే 3 అంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమనండి. ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు చూసే అసర్ సర్వేవాళ్ళు లెక్కల్లో అడిగేవి కూడా దాదాపు ఇవే: అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, మూడంకెల భాగహారం. ఎక్కడ తడబడిందో అక్కడికి ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టండి. ఐదో తరగతి పిల్లాడైనా తీసివేత దగ్గర ఆగితే తీసివేత నుంచే. అందులో నామోషీ ఏమీ లేదు. ఆ మాట పిల్లాడి ముందు మాత్రం అనకండి.

ఇక పుల్లల సంగతి. మన దగ్గర కొబ్బరాకులకి కరువు లేదు కదా. ఈనెలు తీసి, ఎండాక వేలెడు పొడుగు ముక్కలుగా విరిచి పెట్టుకోండి. ఒక మూడొందల యాభై ఉంటే చాలు. పది పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు వేస్తే కట్ట. పది కట్టలు కలిపి తాడుతో కడితే మోపు. ఈ కట్టలు మీరు కట్టి ఇవ్వొద్దు, పిల్లల చేతే కట్టించండి. పది లెక్కపెట్టి కట్టడం, మళ్ళీ విప్పి చూసుకోవడం, వాళ్ళే చెయ్యాలి. "పది ఒకట్లు అంటే ఒక పది" అనే మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రానిది, ఆ రబ్బరు బ్యాండు వేసేటప్పుడు వస్తుంది.

తీసివేత దగ్గర చూడండి. 52 లోంచి 27 తీసెయ్యమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు. అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని వాళ్ళకి ఎక్కడో మనసులో పడిపోయింది, అది పై వరసలో ఉందా కింద వరసలో ఉందా అని చూడరు. ఎర్ర ఇంకుతో కొట్టేసి "పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకో" అంటే ఎవరి దగ్గర, ఎందుకు, ఎంత తెచ్చుకోవాలో వాళ్ళకి తెలియదు.

మా వీధిలో ఒక పిల్లకి ఇలా చేయించాను. చాప మీద ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టమన్నాను. "ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇవ్వమ్మా" అన్నాను. రెండు కట్టలు చటుక్కున తీసి ఇచ్చేసింది. ఏడు పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. ఆ రెండూ నా చేతిలో పెట్టి ఆగిపోయింది. అక్కడ మనం నోరు మెదపకూడదు. కాసేపు కట్టల వంక చూసింది, నా మొహం వంక చూసింది, ఒక కట్ట తీసుకుని "ఇది విప్పొచ్చా ఆంటీ?" అంది. విప్పమన్నాను. అందులోంచి ఐదు లెక్కపెట్టి ఇచ్చింది. ఇంక తన ముందు రెండు కట్టలు, ఐదు పుల్లలు ఉన్నాయి. ఇరవై ఐదు. తను ముందు రాసిన 35 కేసి చూసి తనే కొట్టేసింది.

ఇలా పుల్లలతో బాగా ఆడాక, రాత పని పక్కనే జరగాలి. నోట్‌బుక్‌లో పదులు, ఒకట్లు అని రెండు గడులు గీయండి. కట్ట విప్పిన మరుక్షణం 5 కొట్టేసి 4 రాయాలి, ఒకట్ల గడిలో 12 రాయాలి. చేత్తో ఒక పని, వెంటనే కాగితం మీద దాని గుర్తు. పుల్లలతో వారం ఆడించి, ఆ తర్వాత వాటిని దాచేసి రాత మొదలుపెడితే ఆ రెంటికీ సంబంధం ఉందని పిల్లలకి తట్టదు. రాత కుదిరాక పుల్లలు వాళ్ళే పక్కన పడేస్తారు, మనం లాక్కోనక్కర్లేదు.

సున్నా గొడవ కూడా ఇక్కడే తేలిపోతుంది. మూడు వందల నాలుగు రాయమంటే 3004 అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. మూడొందలు రాసి పక్కన నాలుగు పెడతారు, వినబడింది వినబడినట్టు. మూడు మోపులు, నాలుగు విడి పుల్లలు పెట్టించి "కట్టలేవీ?" అని అడగండి. కట్టలు లేవు కాబట్టి ఆ గడిలో సున్నా. అట్టముక్కల మీద 300, 4 రాసి ఒకదాని మీద ఒకటి కుడివైపు అంచులు కలిసేలా పెట్టించినా బాగా అర్థమవుతుంది. చీరల పెట్టెల అట్టలు దానికి సరిగ్గా సరిపోతాయి.

వేళ్ళ మీద లెక్కపెడితే తిట్టొద్దు. ఒకటి, రెండు తరగతుల్లో వేళ్ళే వాళ్ళ పుల్లలు. కాకపోతే పదికి జతలు నోటికి రావాలి: 9కి 1, 8కి 2, 7కి 3, 6కి 4, 5కి 5. ఇవి వచ్చాయంటే 8కి 5 కలపడానికి మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టరు. ఐదులోంచి రెండు ఎనిమిదికిచ్చి పది చేసి, మిగిలిన మూడు కలిపి పదమూడు అంటారు. అన్నం తింటున్నప్పుడో, జడ వేస్తున్నప్పుడో "ఏడూ?" అంటే "మూడు!" అనాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

నా మిషన్ దగ్గరుండే టేపు పిల్లలకి మంచి పలక. ఒక వైపు 60 అంగుళాలు, రెండో వైపు 150 సెంటీమీటర్లు. సెంటీమీటర్ల వైపు నేల మీద పరిచి 48 దగ్గర ఒక పిన్నీసు, 75 దగ్గర ఒక పిన్నీసు పెట్టిస్తాను. ఈ పిన్నీసు నుంచి ఆ పిన్నీసుకి ఎంత దూరం? 48 నుంచి 50కి రెండు, 50 నుంచి 70కి ఇరవై, 70 నుంచి 75కి ఐదు. ఇరవై ఏడు. కిరాణా కొట్లో చిల్లర ఇచ్చేవాళ్ళు చేసేదీ ఇదే కదా. 63 రూపాయల సరుక్కి వంద నోటు ఇస్తే 63 నుంచి 70కి ఏడు, 70 నుంచి వందకి ముప్పై, మొత్తం 37 అని చేతిలో పెడతారు. పిల్లల్ని కొట్టుకి పంపి, చిల్లర ఎంత రావాలో వెళ్ళేముందే అడగండి. టేపుతో ఇంకో మాట. కొలిచేటప్పుడు పిల్లలు ఒకటి అంకె ఉన్నచోట నుంచి మొదలుపెడతారు. టేపు చివర రేకు అంచే సున్నా అని చూపించండి. స్కేలుతో గీత కొలిచేటప్పుడు ఒక సెంటీమీటరు ఎక్కువ చెప్పే పిల్లలందరి తిప్పలూ అక్కడే.

ఎక్కాల గురించి రెండు రకాల మాటలు వింటుంటాం. బట్టీ వద్దని కొందరు, బట్టీయే కావాలని కొందరు. నా మటుకు నాకు రెండూ కావాలి. ముందు అర్థం, తర్వాత కంఠతా. కొట్లో ఖాళీ గుడ్ల ట్రే అడిగి తెచ్చుకోండి. అందులో 30 గుంటలు, ఐదు వరసలు, వరసకి ఆరు. మూడు వరసల్లో నాలుగేసి చింతపిక్కలు వేయించండి. మూడు నాలుగులు పన్నెండు. ఇప్పుడు ట్రేని పక్కకి తిప్పండి. నాలుగు మూళ్ళు పన్నెండు. పిక్క ఒక్కటి కూడా కదల్లేదు. ఇది కళ్ళతో చూసిన పిల్లలకి ఎక్కాల బరువు సగం దిగిపోతుంది.

ఏ వరసలో నేర్పాలంటే, ముందు రెండో ఎక్కం, పదో ఎక్కం, ఐదో ఎక్కం. రెండో ఎక్కానికి రెట్టింపు నాలుగు, నాలుగుకి రెట్టింపు ఎనిమిది. మూడుకి రెట్టింపు ఆరు. తొమ్మిదో ఎక్కంలో పది దాకా వచ్చే ప్రతి జవాబులోనూ రెండంకెలు కలిపితే తొమ్మిదే వస్తుంది: 18, 27, 36, 45. ఆ సంగతి మీరు చెప్పకండి, జవాబులు నిలువుగా రాయించి వాళ్ళనే చూడనివ్వండి. పది వరకు ఎక్కాల్లో 1, 2, 5, 10 వచ్చేసి, తిరగేసినా ఒకటేనని తెలిశాక, కొత్తగా నోటికి పట్టాల్సినవి 21 మాత్రమే. వంద జవాబులు బట్టీ పట్టాలని బెంగపడే పిల్లకి ఈ మాట చెప్పి, ఆ ఇరవై ఒకటీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. వచ్చినదల్లా కొట్టేసుకుంటూ పోతుంది. ఏడెనిమిదులు మరీ మొండికేస్తే ఐదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే యాభై ఆరు. మరిచిపోయినా మళ్ళీ కట్టుకోవడానికి దారి ఉండాలి.

ఎక్కాలు తెలుగులో పాడించాలా ఇంగ్లీషులోనా అని అడుగుతుంటారు. ఇంట్లో మీ నోటికి ఏది తేలిగ్గా వస్తే అందులో. మా అమ్మాయి ఇంట్లో అమ్మమ్మ దగ్గర "ఐదొకట్ల ఐదు, ఐదు రెళ్ళు పది" అని పాడుతుంది, బళ్ళో ఇంగ్లీషులో అప్పజెబుతుంది. ఏమీ తికమక పడలేదు. థర్టీన్, థర్టీ రెండూ ఒకేలా వినబడి 13కి 30 రాసే పిల్లలకి మాత్రం "పదమూడా, ముప్పయ్యా?" అని తెలుగులో అడిగి రాయించండి.

భాగహారంలో రెండు రకాల ప్రశ్నలుంటాయి, రెండూ చేత్తో చేయించాలి. ఒకటి, పంచడం: అత్తంలో 14 అరటిపళ్ళున్నాయి, నలుగురికి సమానంగా పంచితే తలా మూడు, రెండు మిగులుతాయి. రెండోది, గుంపులు చెయ్యడం: నా దగ్గర 40 హుక్కులున్నాయి, జాకెట్టుకి ఆరు చొప్పున ఎన్ని జాకెట్లకి వస్తాయి? ఆరు జాకెట్లకి, నాలుగు హుక్కులు మిగులుతాయి. ఆ నాలుగుతో ఏడో జాకెట్టు అవ్వదు. అదే 20 మంది నరసాపురం వెళ్ళాలి, ఆటోకి ఆరుగురు అంటే, మూడు ఆటోలు నిండాక ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దర్నీ రోడ్డు మీద వదిలేస్తామా? నాలుగో ఆటో కావాలి. శేషం ఎంతో రాయడంతో ఆపకండి. "ఆ మిగిలినదాన్ని ఏం చేద్దాం?" అని అడగండి. పిల్లలకి ఇది భలే నచ్చుతుంది, వాదించుకుంటారు కూడా.

భిన్నాల దగ్గరికొచ్చేసరికి పిల్లలందరూ ఒక్కచోటే పడతారు. నాలుగు మూడు కంటే పెద్దది కాబట్టి నాలుగో వంతు మూడో వంతు కంటే పెద్దదనుకుంటారు. ముందు ఒకే పొడుగున్న లైనింగ్ గుడ్డ ముక్కలు ఇచ్చి మడత పెట్టించండి. ఒక మడతకి అర, ఇంకో మడతకి పావు, ఇంకో మడతకి అరపావు. మడతలు పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతోంది. దాని మీదే పావు, అర, ముప్పావు రాయించండి. కిలోలో పావు 250 గ్రాములని కాటా దగ్గర చూపించండి.

ఆ తర్వాత నేను రొయ్యల కౌంటు దగ్గరికి తీసుకెళ్తాను. మన వైపు పిల్లలకి ఇది పుస్తకం కన్నా బాగా తెలుసు. వంద కౌంటు అంటే కిలోకి వంద రొయ్యలు తూగాయని. ముప్పై కౌంటు అంటే కిలోకి ముప్పయ్యే తూగాయని. "ఏ రొయ్య పెద్దది?" అంటే ముప్పై కౌంటుదని, దానికే రేటు ఎక్కువని చెరువుల మీద పెరిగిన పిల్లలు తడుముకోకుండా చెబుతారు. అప్పుడు కాగితం మీద కిలోలో ముప్పయ్యో వంతు, కిలోలో వందో వంతు రాసి, ఏది పెద్దదని అడగండి. కింద ఉన్న అంకె పెద్దదయ్యేకొద్దీ ముక్క చిన్నదవుతుందనే సంగతి వాళ్ళకి అంతకు ముందే తెలుసు, దాన్ని ఇలా రాస్తారని మాత్రమే తెలియదు. ఐదో తరగతి పిల్లలైతే ఇంకో అడుగు వెయ్యొచ్చు. వంద కౌంటులో ఒక్కో రొయ్య సుమారు 10 గ్రాములు, యాభై కౌంటులో 20, పాతిక కౌంటులో 40. కౌంటు సగమయ్యేకొద్దీ బరువు రెట్టింపవుతోంది. మా ఆయన పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, ఇంటికొచ్చి కౌంటు చెబితే, మా అమ్మాయి ఒక్కో రొయ్య బరువెంతో కట్టి చెబుతుంది. సరిగ్గా రాకపోయినా దగ్గర్లో చెబుతుంది. దగ్గర్లో చెప్పడం కూడా లెక్కే, దాన్ని మెచ్చుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళ పాత కొలపాత్రలుంటే అటక మీద నుంచి దింపండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యం పోయించి కొలిపించండి. సోల మానికలో పావు, గిద్ద మానికలో పదహారో వంతు. మామ్మలు పక్కన కూర్చుని చెబితే ఇంకా బాగుంటుంది.

మాటల లెక్కలు రాని పిల్లల్లో చాలామందికి రానిది లెక్క కాదు, ఆ వాక్యం. ఇంగ్లీషు మీడియంలో చదివే చిన్న పిల్లలైతే మరీను. ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు ఉంటుంది. ముందు తెలుగు వైపు చదివించి, కథ చెప్పినట్టు పిల్ల మాటల్లో చెప్పించుకుని, తర్వాత ఇంగ్లీషు వైపు తిరగండి. ఇంకో జాగ్రత్త: "మొత్తం అంటే కూడిక, మిగిలినవి అంటే తీసివేత, ఎక్కువ అంటే కూడిక" అని కిటుకులు నేర్పకండి. అక్కకి 15 గాజులున్నాయి, చెల్లి కంటే అక్కకి 6 ఎక్కువ, చెల్లికెన్ని? అంటే ఎక్కువ అనే మాట చూసి 21 అనేస్తారు. అక్కకి ఒక పొడుగు పట్టీ, చెల్లికి దాని కింద ఒక పొట్టి పట్టీ గీయించండి. ఎవరి పట్టీ పొడుగో తేలాక తొమ్మిది దానంతట అదే వస్తుంది.

తప్పు చేసినప్పుడు "ఇంత కూడా రాదా" అనే మాట నోట్లోంచి రానివ్వకండి. "ఎలా చేశావో చెప్పు నాన్నా" అనండి. ఒప్పు చేసినప్పుడు కూడా అదే అడగండి, లేకపోతే ఆ ప్రశ్న అడిగారంటేనే తప్పు చేశామని అర్థం చేసుకుంటారు. చెబుతూ చెబుతూ సగం తప్పులు వాళ్ళే దిద్దుకుంటారు. పిల్లల ముందు "నాకూ లెక్కలొచ్చేవి కాదు, మా వంశంలోనే లేదు" అనకండి. అది విన్న పిల్ల ఇంక ప్రయత్నం మానేస్తుంది. పక్కింటి పిల్లతో పోల్చడం అసలే వద్దు. రోజూ పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే అది నయం. బడి నుంచి వచ్చిన వెంటనే కాదు, ఏదైనా తిని కాసేపు ఆడుకున్నాక. మీకే పని టెన్షన్‌లో చిరాగ్గా ఉన్న రోజు లెక్కలు మానేసి అష్టాచెమ్మా ఆడించండి. నాలుగు గవ్వలు, ఐదు వరసలు ఐదు గడులు. ఎన్ని పడితే కాయ ఇంటికి చేరుతుందో, ఎవరి కాయ చంపొచ్చో వాళ్ళు వేసే లెక్క ఏ వర్క్‌బుక్కుకీ తీసిపోదు. వామనగుంటలు కూడా అంతే. ఫోన్‌లో లెక్కల ఆటలు నేను పెద్దగా ఇవ్వను. వేగంగా నొక్కడం అలవాటవుతుంది గానీ ఎందుకు వచ్చిందో ఆలోచించరు.

ఇన్ని చేసినా కొంతమంది పిల్లలు కదలరు. మూడో తరగతికి వచ్చినా రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పలేకపోవడం, నిన్న బాగా వచ్చింది ఇవాళ పూర్తిగా పోవడం, గడియారం, డబ్బులు ఎంత చెప్పినా అందకపోవడం నెలల తరబడి కనబడితే, సోమరితనం అని ముద్ర వెయ్యకండి. ముందు కళ్ళు, చెవులు చూపించండి. బోర్డు కనబడక వెనకబడ్డ పిల్లలుంటారు. అవి బాగానే ఉంటే డిస్‌కాల్‌క్యులియా అనే ఇబ్బంది ఉండొచ్చు. తెలివికీ దానికీ సంబంధం లేదు, అంకెలని పట్టుకోవడంలోనే కష్టం. వికలాంగుల హక్కుల 2016 చట్టంలో దీన్ని కూడా గుర్తించారు. బళ్ళో హెడ్‌మాస్టారిని కలిసి అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మన మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడి టీచర్లతో మాట్లాడండి. వెళ్ళేటప్పుడు పిల్ల నోట్‌బుక్ తీసుకెళ్ళండి. మంచిగా కాపీ రాయించినది కాదు, కొట్టివేతలతో, తప్పులతో ఉన్నదే. ఆ తప్పులు చూస్తే ఎక్కడ పట్టుకోవాలో వాళ్ళకి తెలుస్తుంది.